పెద్దవాళ్ల దగ్గర డ్యూటీ: ‘అయ్యో పాపం’ చాలదు, మరేం చేయాలి?

కేర్‌టేకర్, అటెండెంట్, ఆయా, జీడీఏ (జనరల్ డ్యూటీ అసిస్టెంట్)... ఏ పేరుతో పిలిచినా పని ఒకటే. లేవలేని మనిషిని లేపాలి, కడగాలి, తినిపించాలి, రాత్రి మూడింటికి పిలిచినా పలకాలి. ఈ పనికి చేతులు ఎలా వాడాలో ట్రైనింగ్‌లో చూపిస్తారు. మనసు సంగతి వచ్చేసరికి మాత్రం "మీ సొంత అమ్మానాన్నల్లా చూసుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పదిహేనేళ్లు ఈ డ్యూటీలు చేసి, ఇప్పుడు కొత్తవాళ్లకు నేర్పుతున్నదాన్ని కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను, ఆ సలహా పెద్దగా పనికిరాదు. వాళ్లు మన అమ్మానాన్నలు కారు. అయినా సొంత అమ్మ మీద మనం విసుక్కోమా?

ప్రేమ రోజూ రాదు. నిద్రలేని రోజున, జీతం ఆలస్యమైన రోజున, ఇంటి దగ్గర పిల్లాడికి జ్వరం వచ్చిన రోజున అసలే రాదు. అలాంటి రోజున కూడా మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఈ మనిషికి ఇప్పుడు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. అది నిజమో కాదో అడగండి. దాన్నిబట్టి మీ చేతి పని కాస్త మార్చుకోండి. పుస్తకాల్లో దీన్ని సహానుభూతి అంటారు. జాలి దీనికి దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది గానీ, జాలి పడే మనిషి మంచం పక్కన నిలబడి నిట్టూరుస్తుంది, అంతే. పైగా పెద్దవాళ్లు జాలిని ఇట్టే పసిగట్టేస్తారు. చాలామందికి అది నచ్చదు.

ఇది నేర్చుకుంటే వచ్చే పనే. ఎలాగో చెప్తాను.

ముందు మీ ఒంటి మీద చేసి చూసుకోండి

తనదాకా వస్తే గానీ తత్వం బోధపడదంటారు. అందుకే మా క్లాసులో మొదటి రోజు పాఠం ఉండదు. మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు, పక్కన ఇంకో మనిషి ఉంటే చాలు.

ఒక పాత కళ్లజోడు అద్దాలకు వ్యాజలీన్ పూసి పెట్టుకోండి. చెవుల్లో దూది కుక్కుకోండి. సాక్సుల్లో గుప్పెడు శనగపప్పు పోసుకుని నడవండి. వేళ్లకు ప్లాస్టర్ చుట్టుకుని చొక్కా గుండీలు పెట్టుకోండి, స్ట్రిప్‌లోంచి ఒక మాత్ర తీయండి. మీ పక్కన ఉన్నవాళ్లు ఊరికే ఉండకూడదు. "ఇంకా కాలేదా? ఎంతసేపు?" అంటూ ఉండాలి. పది నిమిషాలు తిరక్కుండానే మీకు ఏడుపో కోపమో వస్తుంది.

తర్వాత తిండి. తిన్నగా కూర్చుని కళ్లు మూసుకోండి. చేతులు ఒళ్లో కదలకుండా పెట్టుకోండి. ఎదుటివాళ్లు ఏమీ చెప్పకుండా చెంచాతో మీ నోట్లో ఏదో ఒకటి పెడుతూ ఉండాలి. వేడో చల్లనో, తీపో కారమో మీకు తెలియదు. మింగకముందే ఇంకో చెంచా వచ్చి పెదవికి తగులుతుంది. చాలామంది మూడో చెంచాకి నోరు బిగిస్తారు. రేపు మీ పేషెంట్ నోరు బిగించినప్పుడు "మొండి చేస్తున్నారు" అనే మాట అంత తొందరగా మీ నోట రాదు.

మూడోది చాలామంది వద్దంటారు. పెద్దల డైపర్ ఒకటి కట్టుకుని, అందులో గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు పోసుకుని గంటసేపు కూర్చోండి. మొదట నవ్వొస్తుంది. కాసేపటికి ఆ నీళ్లు చల్లబడతాయి. తర్వాత దురద మొదలవుతుంది. మా క్లాసులో ఒకబ్బాయి ఇరవై నిమిషాలకే లేచి వెళ్లి మార్చుకొచ్చాడు. "నువ్వు లేచి వెళ్లగలిగావు" అన్నాను. ఆ రోజుకి పాఠం అయిపోయింది.

ఫైల్లో లేనివి అడిగి రాసుకోండి

ఏజెన్సీ వాళ్లు ఫోన్లో ఏం చెప్తారు? "82 ఏళ్లు, లేడీ, బెడ్ మీదే, షుగరు, బీపీ, డైపర్, 24 గంటల డ్యూటీ." ఇందులో మనిషి ఎక్కడుంది? ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, మందుల వేళలతో పాటు ఇవి కూడా రాయండి: ఏమని పిలిస్తే ఇష్టం, ఎప్పుడు నిద్ర లేస్తారు, కాఫీయా టీయా, పంచదార వేయవచ్చా, ఏ పక్కకి తిరిగి పడుకుంటారు, స్నానం చేయకుండా తింటారా, పూజో నమాజో ప్రార్థనో ఏ వేళకి, ఇదివరకు ఏం పని చేసేవారు, ఎవరి పేరు చెప్తే మొహం వెలుగుతుంది, ఎవరి పేరు ఎత్తకూడదు. వాళ్లు చెప్పగలిగితే వాళ్లనే అడగండి. పక్కనే మంచం మీద మనిషి ఉండగా "మీ అమ్మగారికి ఏం ఇష్టం?" అని కూతుర్ని అడగడం మనకు మామూలైపోయింది. ఆ అలవాటు మానుకోండి.

పిలుపు దగ్గరే సగం పని అవుతుంది. కోస్తా ఇళ్లలో మామ్మగారూ, తాతగారూ అంటే సరిపోతుంది. తెలంగాణ పల్లె నుంచి కొడుకు ఇంటికి వచ్చిన ముసలమ్మకు ‘అవ్వా’ అంటే సొంతంగా ఉంటుంది. సీమవాళ్లలో ‘జేజీ’ అని పిలిపించుకునేవాళ్లున్నారు. ఏదీ తోచకపోతే ‘అమ్మా’ అనండి, దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది. ఒక పెద్దాయన నేను వారం రోజులు ‘తాతగారూ’ అని పిలిచినా కళ్లు తెరిచేవారు కాదు. హైస్కూల్లో లెక్కలు చెప్పేవారని తెలిసి ‘మాస్టారూ’ అన్నాను. "ఆఁ, ఏ క్లాసు?" అన్నారు. బుజ్జీ, కన్నా, గుడ్ బాయ్ లాంటివి మాత్రం వద్దు. ఎనభై ఏళ్ల మనిషిని పసిపిల్లని చేసి మాట్లాడటం మనకు ముద్దుగా అనిపిస్తుంది, వినేవాళ్లకు కాదు. వాళ్లు మిమ్మల్ని ‘నువ్వు’ అన్నా సరే, మీరు ‘మీరు’ అనే అనండి.

చేసిన వృత్తి తెలిస్తే మాటలకు దారి దొరుకుతుంది. పల్నాడు నుంచి తెచ్చి కూకట్‌పల్లిలో ఏడో అంతస్తు ఫ్లాటులో పడుకోబెట్టిన ఒక రైతు రోజూ "వాన పడిందా?" అని అడిగేవాడు. ఇంట్లోవాళ్లు ‘పడింది పడింది’ అనేసేవారు. నేను ఫోన్లో వాళ్ల మండలం పేరు కొట్టి చూసి, ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. పడలేదంటే తిట్టుకునేవాడు. కానీ ఆ తిట్టుకోవడంలో ఆయన మళ్లీ రైతు అయ్యేవాడు.

భాష తేడా ఉన్న ఇంట్లో పనిచేస్తుంటే మొదటి రోజే పది మాటలు నేర్చుకోండి: నొప్పి, నీళ్లు, చలి, ఆకలి, బాత్రూమ్, వద్దు, చాలు, భయం, నిద్ర, మెల్లగా. పాతబస్తీలో ఉర్దూ ఇల్లయినా అంతే, ఇజ్రాయెల్‌లో పెద్దవాళ్ల దగ్గర పనిచేస్తున్న మన తెలుగువాళ్లకైనా అంతే. అక్కడి హీబ్రూలో నీళ్లకు ‘మయిమ్’, నొప్పిగా ఉందనడానికి ‘కోఎవ్’ అంటారు. ఈ రెండు మాటలు పట్టుకోగలిగితే ఒక రాత్రి గట్టెక్కవచ్చు.

గదిలోకి ఎలా వెళ్లాలి

తలుపు తట్టి వెళ్లండి. అది వాళ్ల గది. వెళ్లగానే దుప్పటి లాగకండి. కుర్చీ వేసుకుని, కళ్లు కళ్లకు ఎదురుగా వచ్చేలా కూర్చుని, మీ పేరు, ఎందుకొచ్చారో చెప్పండి. రోజూ చెప్పండి, నిన్న చెప్పినా సరే. కిటికీ మీ వీపు వెనక ఉంటే మీ ముఖం వాళ్లకు నల్లగా కనపడుతుంది, వెలుగు మీ ముఖం మీద పడేలా జరగండి.

వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేది సన్నని, కీచు శబ్దాలు. మనం అరిచినప్పుడు గొంతు కీచుగా అవుతుంది, వాళ్లకు ఇంకా అర్థం కాదు, పైగా తిడుతున్నామనుకుంటారు. గొంతు కిందికి దించి, మెల్లగా, చిన్న చిన్న మాటల్లో చెప్పండి. టీవీ ఆపండి.

ముఖం చూసి మనసు చదివేశాం అనుకోకండి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు ముఖ కండరాలు బిగిసిపోయి నవ్వు ముఖంలోకి రాదు. లోపల సంతోషంగా ఉన్నా చిరాకుగా ఉన్నట్టు కనపడతారు. పక్షవాతంతో మాట పోయినవాళ్లకు బుర్ర పనిచేస్తూనే ఉంటుంది, చాలాసార్లు మాట ఒక్కటే రాదు. అలాంటివాళ్లలో కొందరికి ‘నీళ్లు’ అనే మాట రాదు గానీ చిన్నప్పటి పద్యం, పాట, ప్రార్థన గడగడా వస్తాయి. తిట్లూ అలాగే వస్తాయి. ఆ తిట్టు మిమ్మల్ని కాదు. వాక్యం వెతుక్కుంటున్నప్పుడు మీరు అందుకుని పూర్తి చేయకండి. మనసులో పది లెక్కపెట్టుకుని ఆగండి. అంత ఆలస్యం భరించడం మొదట్లో చాలా కష్టం.

స్నానం, డైపర్: అసలు పరీక్ష ఇక్కడే

ఈ భాగం కాస్త ఎక్కువే రాస్తున్నాను. ఎందుకంటే మర్యాద పోయేదీ నిలిచేదీ ఇక్కడే. కట్టుకున్న భర్త ముందు కూడా పూర్తిగా బట్టలు విప్పని మనిషి, నిన్నటిదాకా ముఖం తెలియని మీ ముందు విప్పాలి. ఆమె గింజుకుంటే, గోళ్లతో రక్కితే, అది జబ్బు లక్షణం కాకపోవచ్చు. సిగ్గు కావచ్చు.

అన్నీ సిద్ధం చేసుకున్నాకే మొదలుపెట్టండి: నీళ్లు, సబ్బు, రెండు తువ్వాళ్లు, మార్చే బట్టలు, గ్లవ్స్, కొత్త డైపర్, చెత్త కవర్. మధ్యలో "పౌడర్ మర్చిపోయా" అని మనిషిని అలాగే వదిలి వెళ్తే ఆ రెండు నిమిషాలు వాళ్లకు ఎంత పొడుగ్గా ఉంటాయో మీ డైపర్ ప్రయోగం గుర్తు చేసుకోండి. తలుపు వేయండి, కర్టెన్ లాగండి, ఫ్యాన్ ఆపండి. ఆ గదిలో కెమెరా ఉంటే, ఈ పని జరిగేటప్పుడు ఆపమనో, దానిమీద గుడ్డ కప్పుతాననో ఇంటివాళ్లతో ముందే మాట్లాడుకోండి. చాలా ఇళ్లలో ఈ సంగతి ఎవరికీ తట్టదు. చెప్తే నాలుక కరుచుకుంటారు.

నీళ్ల వేడి మీ మణికట్టు మీద చూడండి, తర్వాత వాళ్ల చేతి మీద పోసి అడగండి. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, కాలుతున్నా తెలియదు. ఒళ్లంతా ఒకేసారి తెరవకండి. కడిగే భాగం ఒక్కటే తెరిచి, మిగతాది దుప్పటి కింద ఉంచండి. ముట్టుకునే ముందు ప్రతిసారీ చెప్పండి: "ఎడమ చెయ్యి తీసుకుంటున్నానమ్మా", "ఇప్పుడు అటు తిప్పుతాను, భయం లేదు, నేను పట్టుకునే ఉన్నాను." వినపడని వాళ్లకైనా చెప్పండి. చెప్తూ చేస్తే మీ చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది.

చేతనైన పని వాళ్లకు వదిలేయండి. ముఖం వాళ్లే తుడుచుకుంటారు. తడిగుడ్డ చేతికివ్వండి. మర్మావయవాల దగ్గర కడుక్కోగలిగితే వాళ్లనే కడుక్కోనిచ్చి, మీరు అటు తిరగండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ పది నిమిషాల కోసమే పొద్దున హడావుడి తగ్గించుకోవాలి.

వాసన గురించి దాచుకోనక్కర్లేదు. వస్తుంది. కడుపులో తిప్పుతుంది. మూతికి మాస్క్ కట్టుకోండి, ఎప్పుడూ కట్టుకునే అలవాటు చేసుకుంటే వాళ్లకు ప్రత్యేకంగా అనిపించదు. ముక్కు మూసుకోవడం, ‘ఛీ’ అనడం, "అబ్బ, ఇందాకే కదా మార్చాను" అనడం మాత్రం చేయకండి. ఆ మాట విన్నాక నీళ్లు తాగడం మానేసేవాళ్లున్నారు. ఒక మామ్మగారు సాయంత్రం నాలుగు తర్వాత గుక్కెడు కూడా తాగేది కాదు. ఎందుకని చాలా రోజులు తెలియలేదు. రాత్రి డ్యూటీ అమ్మాయి నిద్ర చెడుతుందని. ఆ అమ్మాయి ఏమీ అనలేదట, నిట్టూర్చిందట.

బంధువులు కూర్చుని ఉండగా "డైపర్ నిండిందా?" అని అడగకండి. "ఒక్క రెండు నిమిషాలు బయట కూర్చోండి, అమ్మగారికి మందు రాయాలి" అంటే చాలు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతూ ఒళ్లు తుడవకండి. నేను కూడా మొదట్లో చేశాను. ఒక తాతగారు "నేను ఇక్కడే ఉన్నానమ్మా" అన్నారు.

మగవాళ్లకు ఆడ అటెండెంట్, ఆడవాళ్లకు మగ అటెండెంట్ వచ్చినప్పుడు ఒప్పుకుంటారో లేదో వాళ్లనే అడగాలి. ఒప్పుకోకపోతే కనీసం స్నానం వేళకు వేరే మనిషిని ఏర్పాటు చేయమని ఇంటివాళ్లకు చెప్పండి. మంచం దిగలేనివాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పమంటారు, పుండ్లు పడకుండా. అలా తిప్పినప్పుడల్లా ఒక్క ప్రశ్న అడగండి: "ఇలా బాగుందా?" దిండు ఒక అంగుళం జరపడం కోసం వాళ్లు గంటన్నర నుంచి ఎదురుచూస్తూ ఉండి ఉంటారు.

తినిపించడం

తిన్నగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో పెట్టాలి. పొలమారకుండా ఉంటుంది. తిన్నాక ఓ అరగంటసేపు పడుకోబెట్టకూడదు. ఇవి మీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. చెప్పనిది, గిన్నెలో ఏముందో ముందు చూపించమని. "పప్పుచారన్నం, నెయ్యి వేశాను." మిక్సీలో వేసి తిప్పేసిన అన్నం చూడటానికి ఏదో ముద్ద. అన్నం, పప్పు, కూర విడివిడిగా మెత్తగా చేసి పళ్లెంలో పక్కపక్కన పెడితే భోజనంలా ఉంటుంది. మీరు నిలబడి కాదు, కూర్చుని పెట్టండి.

తినకపోతే బలవంతం చేసే ముందు నోరు చూడండి. కట్టుడు పళ్ల కింద పుండు పడిందేమో. మూడు రోజులుగా విరేచనం కాలేదేమో. లేదా ఆ రోజు వాళ్లాయన తద్దినమేమో, ఏకాదశేమో, ఎవరూ గుర్తు చేసుకోలేదేమో. ఉప్పు తగ్గించిన చప్పిడి తిండి మీద విసుగైతే, ఊరగాయ కాస్త పెదవికి రాయొచ్చా అని డాక్టర్‌ని అడగండి. అడిగితే కొన్నిసార్లు సరే అంటారు, మనమే అడగం.

అడిగిందే అడిగితే

"మా అమ్మ వచ్చిందా?" అని తొంభై ఏళ్ల మనిషి అడుగుతుంది. "మీ అమ్మ చచ్చిపోయి నలభై ఏళ్లయింది" అని మీరంటే, ఆమెకు అమ్మ ఇప్పుడే పోయినట్టు. పది నిమిషాలకు మళ్లీ అడుగుతుంది, మళ్లీ చెప్తే మళ్లీ ఏడుస్తుంది. "వస్తుంది, బస్సులో ఉంది" అని కథలు అల్లడం కూడా నాకు నచ్చదు. ఎదురుచూపు పెరిగి సాయంత్రానికి తలుపు దగ్గర నిలబడుతుంది. నేను చేసేది: "అమ్మ గుర్తొచ్చిందా? ఏం వండేది మీ అమ్మ?" అంటాను. అమ్మ కావాలనడంలో ఆకలో భయమో ఒంటరితనమో ఉంటుంది. దాన్ని పట్టుకోండి.

"ఇంటికెళ్తాను" అన్నా అంతే, అది సొంత ఇల్లే అయినా. పొద్దుగూకే వేళ ఈ గాభరా ఎక్కువవుతుంది. ఆ వేళకు లైట్లు ముందే వేయండి, గోల తగ్గించండి, చేతికి ఏదైనా పని ఇవ్వండి. చిక్కుడుకాయలు ఈనె తీయడం, తువ్వాళ్లు మడవడం. సరిగ్గా మడవకపోయినా మళ్లీ వాళ్ల ముందే విప్పి మడవకండి.

ఇక్కడో జాగ్రత్త. నిన్నటిదాకా బాగానే ఉన్న మనిషి ఒకటి రెండు రోజుల్లో తికమకగా మాట్లాడినా, లేనివాళ్లు కనపడుతున్నారన్నా, మరీ మత్తుగా పడి ఉన్నా "ముసలితనం కదా" అని ఊరుకోవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు, షుగర్ పడిపోవడం ఇలా కనపడతాయి. అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి. ఎదుటివాళ్ల బాధ అర్థం చేసుకోవడమంటే ఓపికగా మాట్లాడటం ఒక్కటే కాదు, ఒక్కోసారి వెంటనే ఫోన్ తీయడం.

తిట్టినప్పుడు, కొట్టినప్పుడు, కులం అడిగినప్పుడు

చెయ్యెత్తితే ముందు మీరు ఒక అడుగు వెనక్కి వేయండి. వాదించకండి. మంచం మీంచి పడిపోయే ప్రమాదం లేకపోతే ఐదు నిమిషాలు బయటికి వచ్చి, మళ్లీ వెళ్లండి. తర్వాత ఆలోచించండి: దానికి ముందు ఏం జరిగింది? ఏ పక్కకు తిప్పినప్పుడు అరిచారు? చాలాసార్లు అక్కడ నొప్పి ఉంటుంది. నోట్‌బుక్‌లో వేళతో సహా రాయండి. నాలుగు రోజులు రాస్తే ఒక వరస కనపడుతుంది.

కొన్ని మతిమరుపు జబ్బుల్లో మగవాళ్లు ఆడవాళ్ల మీద అసభ్యంగా చెయ్యి వేయడం ఉంటుంది. జబ్బు వల్లేనని అర్థం చేసుకోవచ్చు, భరించాలని మాత్రం లేదు. "వద్దు" అని గట్టిగా చెప్పి, చెయ్యి తీసేసి, అదే రోజు ఇంటివాళ్లకు, ఏజెన్సీకి చెప్పండి. ఆ పని చేసింది ఇంట్లోని వేరే మగవాడైతే అర్థం చేసుకోవాల్సింది ఏమీ లేదు. సామాను సర్దుకుని బయటపడండి.

ఇక, "మీరేమిట్లమ్మా?" ఈ ప్రశ్న ఎదురుకాని ఆయా ఉందా? ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, ఊళ్లో ఇల్లు ఏ వైపని కూడా అడుగుతారు. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఒక ఇంట్లో నాకు వేరే గ్లాసు పెట్టారు. ఆ మామ్మగారు నా చేత్తో కాఫీ తాగదు, మలం మాత్రం నేనే కడగాలి. ఆవిడ వైపు నుంచి ఆలోచించాను, అబద్ధం చెప్పను. ఎనభై నాలుగేళ్లు మడి, వంట, పూజగది చేతిలో పెట్టుకుని బతికిన మనిషికి ఇప్పుడు మిగిలిన పెత్తనం ఆ గ్లాసు ఒక్కటే. అంతవరకు అర్థమైంది. అయినా కూతురితో చెప్పేశాను, "ఆ గ్లాసు సంగతి తేల్చండి, లేదంటే వేరే మనిషిని చూసుకోండి" అని. గ్లాసు తీసేశారు. మామ్మగారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది. మారిందని చెప్పను, నా చేతి కాఫీ తాగింది, అంతే. అవమానం మింగేసి పనిచేస్తే అది ఎప్పుడో ఒకరోజు మీ చేతుల్లోకి వచ్చేస్తుంది. దుప్పటి లాగే విసురులో, దువ్వెన లాగే బలంలో. అందుకే మింగవద్దంటున్నాను.

ఇంటివాళ్లు, ఫోన్ అవతలివాళ్లు

పెద్దాయన కొడుకు డల్లాస్ నుంచి రాత్రి తెల్లవార్లూ కెమెరా చూస్తూ ఉంటాడు. మనకు పగలు. మీరు పది నిమిషాలు కూర్చుంటే ఫోన్ వస్తుంది: "ఏం చేస్తున్నారు?" ఒళ్లు మండుతుంది. కానీ తండ్రి దగ్గర లేనన్న బాధ ఎవరి మీద చూపించాలో తెలియక మీ మీద చూపిస్తాడు. అడిగేదాకా ఆగకుండా రోజూ ఒకే వేళకి రెండు ముక్కలు వాయిస్ మెసేజ్ పెట్టండి. "బీపీ బాగుంది" అని ఒకటి, మనిషి గురించి ఒకటి: "ఇవాళ దోసె అడిగి తిన్నారు, మీ చిన్నప్పుడు సైకిల్ నేర్పిన సంగతి చెప్పారు." ఆ రెండో ముక్క కోసమే వాళ్లు కెమెరా చూస్తుంటారు. ఇది మొదలుపెట్టాక ఫోన్లు తగ్గిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

ఆస్తి గొడవల్లో వేలు పెట్టకండి. ఎవరు మంచి కొడుకో తేల్చకండి. వీలునామా మీద సాక్షి సంతకం చేయమంటే చేయకండి, వేలిముద్ర వేయించమంటే వేయించకండి. పెద్దావిడ ప్రేమగా గాజు తీసి ఇచ్చినా, "అమ్మాయిగారి ముందు ఇవ్వండి" అనండి.

ఆ ఇంట్లో పెద్దవాళ్లను కొడుతున్నా, తిండి పెట్టకపోయినా, గదిలో పెట్టి తాళం వేస్తున్నా మీరు చూసీ చూడనట్టు ఉండనక్కర్లేదు. 14567 వృద్ధుల కోసం ఉన్న హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. తల్లిదండ్రుల పోషణ బాధ్యత పిల్లలదేనని 2007లో కేంద్రం చట్టం చేసింది. వాళ్లను ఎక్కడో వదిలేసి పోతే మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ వేయవచ్చని అందులోనే ఉంది.

మీ సంగతి

రోజంతా ఎదుటివాళ్ల నొప్పిని మన ఒంట్లోకి తెచ్చుకుంటే నెల తిరక్కుండా మనమే పడిపోతాం. ఏడ్చే మనిషి పక్కన కూర్చున్నప్పుడు మీ పాదాలు నేల మీద ఆనుతున్నాయో లేదో చూసుకోండి. ఈ నొప్పి ఆవిడది, దీన్ని కాస్త తగ్గించే పని నాది. ఈ గీత మనసులో ఉండాలి. ఏమీ అనిపించడం మానేసిన రోజున, అంటే మనిషి మూలుగుతున్నా మీకు టీవీ సీరియల్ శబ్దంలా వినిపించిన రోజున, మీరు చెడ్డవాళ్లయిపోలేదు. అలసిపోయారు. సెలవు అడగండి. 24 గంటల డ్యూటీ ఒప్పుకునేటప్పుడే రాత్రి ఎన్ని గంటలు నిద్ర, వారానికి ఎన్ని సెలవులు, ఆ రోజు ఎవరొస్తారు అని తేల్చుకోండి. నిద్ర లేని మనిషికి సహానుభూతి నేర్పడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. మనసు మరీ బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మీరు వెళ్తూ వేరే అటెండెంట్ వస్తుంటే మందుల చీటీతో పాటు ఆ నోట్‌బుక్ కూడా చేతికివ్వండి. "కుడి పక్కకు తిప్పితే అరుస్తారు, కాఫీ అడిగితే అరకప్పే, మాస్టారూ అని పిలవండి." ఐదు నిమిషాలు నిలబడి చెప్పండి. లేకపోతే ఆ పెద్దాయన మళ్లీ మొదటినుంచి అపరిచితుడవుతాడు.

చివరికి ఒకరోజు మంచం ఖాళీ అవుతుంది. బంధువులంతా దిగుతారు, మీరు వంటింటి గుమ్మం దగ్గర నిలబడతారు, ఏడవాలో టీ పెట్టాలో తెలియదు. చివరిసారి స్నానం చేయించేటప్పుడు సాయం చేస్తానని అడగండి. కొందరు రమ్మంటారు, కొందరు మా వాళ్లే చేయాలంటారు. వద్దంటే పట్టుబట్టకండి. మిగిలిన మందులు, తాళాలు, లెక్కలు అప్పగించేయండి. అదే సాయంత్రం ఏజెన్సీ నుంచి ఫోన్ వస్తుంది, రేపటి నుంచి మియాపూర్‌లో ఇంకో కేసు ఉందని. రెండు రోజులు కావాలని చెప్పండి. కుదరదంటే ఒక్క రాత్రయినా అడిగి, మీ ఇంటికి వెళ్లి, మీ మంచం మీద పడుకోండి.